వరస వేరు, జన్యువుల లెక్క వేరు

సంపాదకులు గారికి,

కావలి, ఒంగోలు వైపు సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మేనమామ కూతురు వరస, పెదనాన్న కూతురు చెల్లెలు. జన్యువుల్లో ఇద్దరితోనూ పంచుకునేది ఎనిమిదో వంతే. కలిసి పెరిగినవాళ్లపై పెళ్లి ఆలోచన రాదని సామాజిక శాస్త్రవేత్త వెస్టర్‌మార్క్ 1891లోనే చెప్పారు. మిగతాది మనం పెట్టుకున్న కట్టుబాటు. అక్క కూతురైతే జన్యువుల్లో పంచుకునే వాటా నాలుగో వంతు.

"తాతల నాటి నుంచీ చేసుకుంటున్నాం, ఏమైంది?" అంటారు. జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కదానిలోనే లోపమున్నవారు ఆరోగ్యంగానే కనిపిస్తారు. దగ్గరి బంధువుల్లో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. భార్యాభర్తలిద్దరిలోనూ అదే ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డ బాగుందని రెండో బిడ్డకు అది తగ్గదు.

తాంబూలాలకు ముందే ఇద్దరికీ తలసేమియా (వంశపారంపర్య రక్తహీనత) పరీక్ష చేయించండి. రక్తంలోని హెచ్‌బీ ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే ఆ లోపం ఉందేమోనని అనుమానించాలి. ఒంట్లో ఇనుము బాగా తక్కువుంటే ఆ అంకె తగ్గి కనిపిస్తుంది, అందుకే ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి.

– జన్యుశాస్త్ర అధ్యాపకులు, కావలి