తుంగ సంగతి చిన్నీకి

చిన్నీ,

మొక్కల్ని ఎండబెట్టి అంటించే హెర్బేరియం షీట్ల కోసం మొక్కలు వెతుకుతున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది, అయితే ఈసారి తుంగ కుటుంబం మొక్కలు పట్టుకోవే, ఎవరూ ముట్టుకోరు గానీ చాలా బావుంటాయి. ఇక్కడ పిట్స్‌బర్గ్‌లో మా ఇంటి వెనక చిన్న గెడ్డ ఉంది కదా, దాని ఒడ్డున బురదలో నడుం ఎత్తు పెరిగే సెడ్జ్, అంటే తుంగ కుటుంబం మొక్క, ఒకటి ఈమధ్య నన్ను కదలనివ్వట్లేదు. ఈ నేల సొంత మొక్కే, పేరు కేరెక్స్ క్రినిటా, కంకులు బాగా సన్నబడిన సజ్జకంకుల్లా ఒంగి కిందకి వేలాడతాయి.

దూరం నుంచి చూస్తే ఉత్త గడ్డిలాగే ఉంటుంది. కాడని వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగుల్తాయి, లోపల బోలు ఉండదు, ఆకులు మూడు వరసల్లో వస్తాయి, ఇంతవరకు మన తుంగ కూడా అంతే. తేడా అంతా గింజ దగ్గరే. కేరెక్స్‌లో ప్రతి గింజ చుట్టూ మూసుకుపోయిన చిన్న సంచి ఉంటుంది, పెరిజీనియం అంటారు, తుంగకి అది లేదు. ప్రపంచంలో కేరెక్స్‌లే దాదాపు 2000 రకాలు, అందుకే ఆకు చూసి పేరు చెప్పేస్తే నేను నమ్మను, సంచులు ముదిరేదాకా ఆగాల్సిందే.

పైగా కేరెక్స్ గైనాండ్రా అని అచ్చం ఇలాంటిదే ఇంకోటి ఉంది, అదీ తడి నేలలోనే, దానికీ కంకులు వేలాడతాయి, కంకిలో గింజల పక్కనుండే పొలుసుల చివర పొడుగు ముల్లూ ఉంటుంది. కింది ఆకులు కాడని చుట్టుకునే తొడుగు మీద వేలు రాసి చూడాలి, గైనాండ్రాది గరుగ్గా ఉంటుంది, క్రినిటాది నున్నగా జారుతుంది. పొలుసులోనూ తేడా ఉంది, క్రినిటాకి ముల్లు మొదలయ్యేచోట చదునుగానో చిన్న నొక్కుతోనో ఆగిపోతుంది, రెండోదానికి సన్నగా కొసదేరుతుంది. నాకైతే తొడుగే ఇష్టం, లెన్స్ లేకపోయినా తెలిసిపోద్ది.

వానలు పడ్డాక మేఘాద్రి గెడ్డ వైపు వెళ్లు, నాన్నని తీసుకెళ్లు, ఒక్కదానివే నీళ్లల్లో దిగకు. మొక్కని పైపైన తెంపకుండా మొదలంటా తియ్యి, వేళ్ల దగ్గర ముస్తలు, అంటే చిన్న దుంపలు, ఉంటే అవి కూడా రావాలి, అందరూ కంకి ఒక్కటే కోసుకొస్తారు, తర్వాత పేరు తేలదు. మొదలూ, తొడుగూ, కంకి కిందుండే ఆకులూ, గింజా విడివిడిగా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు, ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ అన్నయ్య