శవపెట్టె వచ్చేదాకా ఆగకండి, ముఖ్యమంత్రి గారూ

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారికి నమస్కారం.

మెట్‌పల్లిలో నాది చిన్న జిరాక్స్ షాపు. పాస్‌పోర్టు ఫారాలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా నింపి పెడతాను. అంతకుముందు ఏడేళ్లు దుబాయ్‌లో ఉన్నా, అందులో చివరి రెండేళ్లు ఖల్లివెల్లిగా. ఈ మాట మా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీసా పోయి, కంపెనీ వదిలేసి, కాగితం లేకుండా దాక్కుని బతికేవాడని అర్థం.

గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని 2024 సెప్టెంబర్‌లో మీ ప్రభుత్వం జీవో తెచ్చింది. గల్ఫ్ వాళ్ల గోడు వినడానికి ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కూడా పెట్టారు. మంచి పనే, కాదనను. ఆ 5 లక్షల కోసం వచ్చినవాళ్ల కాగితాలు నా మిషన్ మీదే జిరాక్స్ తీస్తుంటా. చావుకు కారణం ఏం రాశారో చూడటం అలవాటైపోయింది. గుండె ఆగి. గుండె ఆగి. మళ్లీ అదే. వయసు చూస్తే నాకంటే చిన్నవాళ్లు. ఎండ, డ్యూటీలు, తిండి, సిగరెట్లు, అన్నీ నిజమే, కానీ ఆ మనిషి చావుకు ముందు ఎన్ని రాత్రులు వీసా టెన్షన్‌తో నిద్ర లేకుండా గడిపాడో ఏ సర్టిఫికెట్‌లోనూ ఉండదు కాబట్టి, నా సంగతి చెప్తా.

మా కంపెనీ నాలుగు నెలలు జీతం ఇవ్వలేదు. బయటికి వచ్చేశాను, వాళ్లు పారిపోయాడని కేసు పెట్టారు. వీసా దాటి ఉంటే అక్కడ రోజుకు 50 దిర్హాముల ఫైను, అది ఆటో మీటరులాగా తిరుగుతూనే ఉంటుంది. పొద్దున లేవగానే నా పని ఆ లెక్క కట్టడమే: 200 రోజులకు పదివేలు, ఏడాదికి 18,250, రెండేళ్లకు 36,500. నాకు దొరికే కూలి నెలకు 1,100. ఇంటి దగ్గర ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకు నూటికి మూడు రూపాయల వడ్డీ, అది వేరే మీటరు.

దుబాయ్‌లో కూలీల క్యాంపులుండే సోనాపూర్‌లో ఒక రూములో పన్నెండు మందిమి. మెట్ల మీద బూట్ల చప్పుడైతే నేను బాత్రూంలో దూరేవాణ్ణి. నాకు షుగర్ అప్పటికే ఉంది. వీసాతోపాటే ఇన్సూరెన్స్ పోయింది, ఆసుపత్రికి పోతే ఐడీ అడిగి పట్టిస్తారని భయం. ఊరి నుంచి వచ్చేవాళ్లు మామిడికాయ తొక్కు డబ్బాతోపాటు తెచ్చే గోలీలే దిక్కు. ఎవరూ రాని నెలలో సగం గోలీ వేసుకునేవాణ్ణి. రాత్రి రెండింటికి ఛాతీ పట్టేసినట్టయి మెలకువ వచ్చేది, గ్యాస్ అనుకుని సోడా తాగేవాణ్ణి. మా రూములో అందరికీ గ్యాసే, సార్. భయమేస్తోందని మాత్రం ఎవరూ అనరు.

ఇక్కడ నా భార్యకు అవే రోజుల్లో తలనొప్పి, నడుం నొప్పి. స్కానింగులు తీశారు, ఏమీ లేదన్నారు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు కదా, వాయిస్ మెసేజ్‌లే పంపేవాణ్ణి. ఒక్కో మెసేజ్ మూడుసార్లు వినేదట, ఏం చెప్పానో తెలియక కాదు, నా గొంతు ఎలా ఉందో చూడటానికి. ఈ సంగతి నేను తిరిగొచ్చిన చాలా రోజులకు చెప్పింది.

2024 సెప్టెంబర్ 1న అక్కడ ఆమ్నెస్టీ మొదలైంది, అంటే కాగితం లేనివాళ్లు ఫైను కట్టకుండా ఇంటికి పోవచ్చని. పిలిచి పట్టుకుంటారట అని రూములో పుకారు, ఆ భయంతోనే మొదటి రెండు నెలలు పోయాయి. గడువు డిసెంబర్ 31 దాకా పెంచారు కాబట్టి బతికిపోయాను. అప్పుడు ఒక కరీంనగర్ అన్న 800 46342 నంబరు ఇచ్చాడు. దుబాయ్‌లో మన కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం అది, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. కాగితం లేనివాడు కూడా చేయొచ్చు. కేసు గురించి సలహా ఇస్తారు, మనసు బాగోలేకపోతే కౌన్సెలింగ్ కూడా ఉంది. సర్కారు నంబరని భయపడి రెండుసార్లు రింగయ్యేలోపే కట్ చేశాను. మూడోసారి మాట్లాడాను. డిసెంబర్‌లో ఔట్‌పాస్ మీద, అంటే దేశం వదిలి పోవడానికి ఇచ్చే కాగితం మీద, శంషాబాద్‌లో దిగాను.

ఏడేళ్లలో ఆ నంబరు నాకు చెప్పింది ఆ ఒక్కడే. మా బస్టాండు చుట్టూ గల్ఫ్ ఉద్యోగాల బోర్డులు చూడండి ఎన్నున్నాయో. ఈ నంబరు ఒక్క గోడ మీద లేదు. ఇండియా నుంచి చేయాలంటే 1800 11 3090 ఉంది, అదీ లేదు. ప్రవాసీ బీమా 10 లక్షలని అందరికీ తెలుసు, అది యాక్సిడెంట్లకేనని, గుండె ఆగితే రాదని ఇంటికి శవం వచ్చాక తెలుస్తుంది.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ పనేం కాదు. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలి మానస్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, మా ఊళ్లలో ఉన్న ఆడవాళ్లకు ఎంతో పనికొస్తుంది, కానీ దుబాయ్ సిమ్ నుంచి అది కలవదు. గల్ఫ్ నుంచి కలిసే మామూలు నంబరు ఒకటి పెట్టించండి, పగలు డ్యూటీ కాబట్టి రాత్రిళ్లు తెలుగువాళ్లు ఎత్తాలి. ఔట్‌పాస్ మీద వచ్చినవాణ్ణి పీహెచ్‌సీలో ఒక్కసారి బీపీ, షుగర్ చూసి, నిద్ర పడుతోందా అని అడగమనండి. ఇంటింటికీ తిరిగే ఆశా అక్క గల్ఫ్ వాళ్ల ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న అడిగినా చాలు. మానసిక ఆరోగ్యం అని పెద్ద బోర్డు మాత్రం పెట్టకండి సార్, ఎర్రగడ్డకు పంపుతున్నారా అని ఎవరూ గడప తొక్కరు. బీపీ చెకప్ అని పెట్టండి, వస్తారు.

మొన్న ఒకావిడ భర్త వీసా కాగితం ఫోన్లో చూపించి, తారీఖు అయిపోయిందా ఇంకా ఉందా అని అడిగింది. అయిపోయింది. చెప్పడానికి నోరు రాక ముందు ఆ కాగితం ప్రింట్ తీసి, వెనకాల మూడు నంబర్లూ రాసిచ్చాను. మీకు నిద్ర పడుతోందా అమ్మా అని అడిగితే, గ్యాస్ ఉంది అన్నా, అంది.

ప్రవాసీ ప్రజావాణి మంగళ, శుక్రవారాల్లో కదా. వచ్చే శుక్రవారం ఈ లేఖ పట్టుకుని బేగంపేట వస్తున్నాను. సమస్య ఏంటని అడిగితే నిద్ర పట్టడం లేదని రాస్తాను, తీసుకోమని మీవాళ్లకు చెప్పి పెట్టండి.

ఇట్లు,
మెట్‌పల్లి జిరాక్స్ షాపతను