మోకాలి దెబ్బతో పిల్లల్ని ఆటకు పంపడం గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మండల స్థాయి పోటీల్లో మన కబడ్డీ బాలికలు, ఖోఖో బాలురు గెలిచిన సంగతి మీకు తెలుసు. పిల్లలకు, వాళ్లతోపాటు ఎండలో నిలబడిన పీఈటీ మేడమ్‌కు అభినందనలు. పరీక్షల మార్కుల గురించి వచ్చే నెల రాస్తాను. ఈసారి ఒక్క విషయమే రాస్తున్నాను.

కబడ్డీ జట్టులో బాగా రైడింగ్ చేసే అమ్మాయి మోకాలు ప్రాక్టీసులో మెలిపడింది. స్కానింగులో లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ, తెగినట్టు తేలింది. జిల్లా సెలక్షన్లకు ఆమెను పంపడం లేదని చెప్పాను. ఆ తర్వాత వాళ్ల నాన్నగారు, ఊళ్లోని ఇంకొందరు వచ్చి నాతో మాట్లాడారు. "ఒక్క రోజే కదా మేడమ్, ఇంజెక్షన్ చేయించి దింపితే ఏటవుద్ది?" అని అడిగారు. ఆ ఇంటివారి అనుమతితోనే ఇది మీకు రాస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు.

వాళ్లు అడిగిన దానిలో న్యాయం ఉంది. పై స్థాయిలో ఆడిన సర్టిఫికెట్ ఉంటే రేపు స్పోర్ట్స్ కోటాలో సీటు రావచ్చు, ఉద్యోగం రావచ్చు. కూలికి వెళ్లే ఇంటికి, చేపల వేటకు వెళ్లే ఇంటికి అది చిన్న ఆశ కాదు. మన ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆ పేరు వింటూ పెరిగిన జిల్లాలో ఆడపిల్లను ఆటకు పంపుతున్న తండ్రిని నేను గౌరవిస్తాను. అందుకే కాదన్నప్పుడు కారణం పూర్తిగా చెప్పాలి.

మోకాలి మధ్యలో ఏసీఎల్ అనే లిగమెంటు ఉంటుంది. కింది ఎముక ముందుకు జారకుండా, కాలు మెలితిరగకుండా పట్టి ఉంచేది అదే. పరిగెత్తుతూ ఠక్కున ఆగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు, పాదం నేలకు ఆని ఒళ్లు తిరిగినప్పుడు అది తెగుతుంది. చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. రైడర్ చీలమండ పట్టుకుని లాగినప్పుడూ అంతే. లోపల టప్‌మన్నట్టు అనిపించడం, కొద్ది గంటల్లోనే మోకాలు వాచిపోవడం దాని గుర్తులు.

అసలు మోసం ఆ తర్వాత ఉంది. రెండు మూడు వారాల్లో వాపు తగ్గుతుంది. పిల్ల తిన్నగా నడుస్తుంది, మెట్లెక్కుతుంది. ఇంట్లో అందరూ తగ్గిపోయిందనుకుంటారు. చక్రం సీల ఊడిన బండి కూడా తిన్నటి రోడ్డు మీద కొంతదూరం పోతుంది, మలుపులోనే తేడా తెలుస్తుంది. ఆటంతా మలుపులే కదా! మోకాలు పట్టు తప్పిన ప్రతిసారీ ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలుగుతుంది, చిరుగుతుంది. అరవై ఏళ్లకు రావలసిన మోకాళ్ల అరుగుదల ముప్ఫైల్లోనే మొదలవ్వచ్చు. నొప్పి ఇంజెక్షన్ ఇవేవీ ఆపదు. ఆగమని చెప్పే నొప్పి నోరు మాత్రం నొక్కేస్తుంది.

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అని చాలామంది చెబుతారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, లిగమెంటు కనిపించదు. దానికి ఎముకల డాక్టరు చేత్తో పరీక్షించాలి, అవసరమైతే ఎమ్మారై తీయించాలి. నాటు కట్టు కట్టించి, నూనె రాసి మర్దనా చేయించే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి వద్దు. కొత్త దెబ్బ మీద మర్దనా చేసినా, వేడి కాపడం పెట్టినా వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే రేషన్, ఆరోగ్య కార్డులు పట్టుకెళ్లి పెద్దాసుపత్రి కౌంటర్లో ముందే అడగండి. తోడు కావాలంటే మా ఉపాధ్యాయుల్లో ఒకరు వస్తారు.

పెద్ద ఆటగాళ్లు నొప్పితోనే ఆడతారు కదా అని ఒక అన్నయ్య అడిగారు. నిజమే. సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి గాయంతోనే దిగారు. గ్రూపు దశలోనే ఓడిపోయి, వచ్చాక ఆపరేషన్ చేయించుకున్నారు. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం వచ్చింది ఆ చికిత్స తర్వాతే. స్పెయిన్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌కు 2019లో కుడి మోకాలిలో, 2021లో ఎడమ మోకాలిలో ఈ లిగమెంటే తెగింది. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఆధిక్యంలో ఉండగా మళ్లీ కుడి మోకాలు దెబ్బతింది. పట్టీ వేసుకుని ఇంకో రెండు పాయింట్లు ఆడి చూసి, ఏడుస్తూ తప్పుకున్నారు. వాళ్ల వెనుక డాక్టర్లు, ఫిజియోలు ఉన్నారు. అన్నీ తెలిసి నిర్ణయం తీసుకునే వయసుంది. తొమ్మిదో తరగతి పిల్లకు ఆ రెండూ లేవు. "నాకేం కాలేదు మేడమ్, ఆడతాను" అని ఆమె అంటే, జట్టు మీది ప్రేమతో అంటోందని మనం అర్థం చేసుకోవాలి. దాన్ని సమ్మతి అనుకోకూడదు.

ఇంకో సంగతి కూడా తెలియాలి. ఒకే ఆట ఆడే అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఈ లిగమెంటు తెగే ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక కనీసం తొమ్మిది నెలలు పోటీలకు దూరంగా ఉండాలని నిపుణులు చెబుతారు. 25 ఏళ్లలోపు వయసులో తిరిగి ఆటకు వెళ్లినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి అదే మోకాలో, రెండోదో మళ్లీ తెగుతోంది. మోకాలి దెబ్బలన్నీ ఇంత పెద్దవి కావు, ఆపరేషన్ అందరికీ అవసరం రాదు. ఏది ఎంత పెద్దదో తేల్చవలసింది మాత్రం డాక్టరే.

కాబట్టి ఇకనుంచి మోకాలు వాచిన పిల్లలు, మోకాలు పట్టు తప్పుతోందన్నవాళ్లు, కాలు పూర్తిగా చాపలేనివాళ్లు డాక్టరు కాగితం లేకుండా మన గ్రౌండులోకి దిగరు. ఫైనల్ అయినా సరే. రోజూ ప్రాక్టీసుకు ముందు పదిహేను నిమిషాలు తొడ కండరాల వ్యాయామాలు, ఎగిరి మోకాళ్లు వంచి సరిగా దిగడం పీఈటీ మేడమ్ చేయిస్తారు. ఇవి గాయాలను బాగా తగ్గిస్తాయి. ఆలస్యంగా వచ్చిన పిల్లలకు ఆ రోజు ఆట ఉండదు.

ఆ అమ్మాయి జట్టులోనే ఉంది. సెలక్షన్లకు స్కోరు పుస్తకం పట్టుకుని మాతో వస్తోంది. వచ్చే ఏడాది పదో తరగతిలో ఆమె వయసు విభాగంలో ఇంకో అవకాశం ఉందని వాళ్ల నాన్నగారికి చెప్పాను. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మళ్లీ మాట్లాడతాను.

ఈ ఉత్తరంతో ఒక ఫారం పంపుతున్నాను. మీ బాబుకు గానీ పాపకు గానీ ఇంతకుముందు మోకాలికి, చీలమండకు తగిలిన దెబ్బలు దాచకుండా రాయండి. రాసినందుకు ఎవరినీ జట్టు నుంచి తీసేయం. శనివారంలోగా క్లాస్ టీచరుకు అందజేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు