రోడ్డు సైక్లింగ్ శిక్షకులుగా రేసు తొక్కినవారినే తీసుకోవాలి

సంపాదకులకు,

అయ్యా,

ఏటా జూలైలో, మూడు వారాలపాటు రోజుకొక దశ చొప్పున సాగే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు విజేత ఫొటో మన పత్రికల క్రీడాపేజీలో ఏదో ఒక మూల కనబడుతుంది. అతని వెనుక జట్టు కారులో కూర్చుని, ఎప్పుడు ముందుకు దూకాలో, ఎప్పుడు ఓపిక పట్టాలో చెప్పే శిక్షకుడి గురించి మాత్రం ఒక్క వాక్యమైనా ఉండదు. మన జిల్లాలో రోడ్డు సైక్లింగ్‌కు శిక్షకుడిని నియమించవలసి వస్తే ఎలాంటివారిని వెతకాలో తెలుసుకోవడానికి ఫ్రాన్స్ దేశస్థుడు సిరిల్ గిమార్ జీవితాన్ని ఒకసారి చూడడం మంచిది.

1947లో పుట్టిన గిమార్ 1968 నుంచి వృత్తి సైక్లిస్టుగా పోటీపడి, టూర్‌లో ఏడు దశలు గెలిచారు. ప్రపంచ రోడ్డు పోటీల్లో 1971లోనూ, ఆ మరుసటి ఏడూ కాంస్య పతకాలు అందుకున్నారు. 1972 టూర్‌లో ఆయన బెల్జియం మేటి సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్‌కు ఎదురునిలిచి నాలుగు దశలు గెలిచి, మొత్తం సమయంలో ముందున్నవారికిచ్చే పసుపు జెర్సీ కూడా కొన్ని రోజులు వేసుకున్నారు. కానీ మోకాలి నొప్పి భరించలేక, రెండో స్థానంలో ఉండగానే, రేసు ముగిసే పారిస్ ఇంకా రెండు రోజుల దూరంలో ఉందనగా తప్పుకోవలసి వచ్చింది. అలా గిమార్ వదులుకున్న, పాయింట్లలో ముందున్నవారికిచ్చే ఆకుపచ్చ జెర్సీ మెర్క్స్‌కు దక్కితే, మెర్క్స్ దానిని తిరిగి ఆయనకే ఇచ్చారు.

1976లో, ఇంకా ముప్పయ్యేళ్లు నిండకుండానే, గిమార్ పోటీలు మాని జీతాన్ జట్టు బాధ్యతలు తీసుకున్నారు. ఆ జట్టులోని లూసియెన్ వాన్ ఇంప్ కొండలెక్కడంలో మేటి, కాని కొండదారుల్లో మేటికిచ్చే పర్వత రారాజు బిరుదుతోనే తృప్తిపడే మనిషి. పిరనీస్ పర్వతాల్లో సాంలారీ దశ నాడు శిఖరం ఇంకా చాలా దూరంలో ఉండగానే గుంపును వదిలి ముందుకు వెళ్లమని గిమార్ ఆయనను ఆదేశించారు. ఆ రోజే పసుపు జెర్సీ వాన్ ఇంప్ చేతికి వచ్చింది, ఆ ఏడు టూర్ కూడా ఆయనదే అయింది.

నన్ను అంతకంటే ఎక్కువగా ఆకట్టుకున్నది 1977లో ఆయన తీసుకున్న నిర్ణయం. బెర్నార్ ఇనో అప్పటికి ఇరవై రెండేళ్ల కుర్రవాడు. ఆ వసంతంలో లియేజ్–బస్తోన్–లియేజ్, వేసవి ఆరంభంలో దోఫినే రేసు గెలిచి మంచి ఊపు మీద ఉన్నాడు. ఏ శిక్షకుడైనా అతనిని టూర్‌కు పంపేవాడే. గిమార్ పంపలేదు. మూడు వారాల రేసును తట్టుకునే వయసు ఇంకా రాలేదని ఆపి, మరుసటి ఏడు పంపారు. ఇనో మొదటి ప్రయత్నంలోనే టూర్ గెలిచాడు. తన మోకాలు ఏ పరిస్థితిలో మొరాయించిందో మరచిపోనివాడికే ఇంత నిగ్రహం ఉంటుందని నా నమ్మకం. 1983లో మోకాలి బాధతోనే ఇనో టూర్‌కు దూరమైతే, లోరాన్ ఫిన్యోఁ అనే కొత్త కుర్రవాడు గిమార్ శిక్షణలో ఆ ఏడూ, ఆ తర్వాతి ఏడూ గెలిచాడు. మొత్తం మీద శిక్షకుడిగా గిమార్‌కు ఏడు టూర్ విజయాలు దక్కాయి. 1989 టూర్‌లో ఎనిమిది సెకన్ల తేడాతో ఫిన్యోఁను ఓడించిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్‌ను కూడా వృత్తి సైక్లింగ్‌లోకి తెచ్చింది గిమారే కావడం ఒక విచిత్రం.

రోడ్డు రేసులో బలం ఒక్కటే చాలదు. ముందువాడి వెనుక గాలి చాటున తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. గాలి పక్కనుంచి కొడితే జట్టంతా ఏటవాలు వరుసలో సర్దుకోవాలి. ఆషాఢమాసంలో ముద్దనూరు నుంచి జమ్మలమడుగు వైపు సైకిల్ తొక్కినవారికి ఆ గాలి దెబ్బ ఏమిటో చెప్పనక్కరలేదు. ఎదుటి జట్టువాడి భుజాలు ఊగుతున్నాయా, పెడల్ లయ తప్పుతోందా అన్నది పసిగట్టడం గుంపులో కొన్నేళ్లు తొక్కినవారికి అలవడినంతగా పుస్తకం చదివినవారికి అలవడదు. అయితే గొప్ప సైక్లిస్టులందరూ మంచి శిక్షకులు కాలేరన్నది కూడా నిజమే. అందుకే అనుభవంతో పాటు శిక్షణ కూడా కావాలి.

మన దగ్గర క్రీడా శిక్షకుల పోస్టులకు పటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాకే పెద్దపీట వేస్తారు. రైల్వే, సైనిక జట్ల తరఫున జాతీయ పోటీల్లో రేసు తొక్కి, ముప్పై దాటాక పోటీలు మానినవారికి ఆ చదువుకు తీరికా డబ్బూ ఉండవు. కడపలోని డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాలలో రోడ్డు సైక్లింగ్ శిక్షకుడి నియామకం జరిగినప్పుడు, అలాంటివారిని ముందు తీసుకుని, ప్రభుత్వ ఖర్చుతో ఆ తర్వాత డిప్లొమా చేయించాలని కోరుతున్నాను. పిల్లల వెనుక నడిపేందుకు ఒక వాహనం, ఆదివారం తెల్లవారుజామున జమ్మలమడుగు–గండికోట దారిలో రెండు గంటలపాటు పోలీసు సహకారం కూడా ఆ నియామక ఉత్తర్వులోనే చేర్చాలి. రోడ్డు మీద శిక్షకుడికి మైదానం అంటే ఇదే కాబట్టి, దీనిని విడిగా అడిగి తెచ్చుకోమని చెబితే ఆ పోస్టు కాగితం మీదే మిగులుతుంది.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా