ప్లే నొక్కినందుకు ఇన్ని కోట్లా?

ఒరేయ్ రవీ,

మొన్న వరంగల్ నుంచి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విని బస్సులో ఒక్కణ్నే నవ్వుకున్నాను. "రాత్రంతా బరాత్ ముందు డీజే వాయిస్తే నా దగ్గర వంద రూపాయలకి కూడా బేరమాడతారు, ఆ ఫారిన్ డీజేలకి మాత్రం కోట్లెందుకురా?" అన్నావు. ఫోన్‌లో చెప్తే మధ్యలో తిట్టడం మొదలెడతావని రాస్తున్నాను.

ఇక్కడ మాంచెస్టర్‌లో హాసియెండా అని ఓ అపార్ట్‌మెంట్ ఉంది. ఒకప్పుడు అదే చోట ఉన్న క్లబ్ పేరే దానికీ పెట్టారు. 1982లో ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే మ్యూజిక్ కంపెనీ వాళ్లూ, న్యూ ఆర్డర్ బ్యాండూ కలిసి తెరిచిన క్లబ్ అది. మొదట్లో చాలా రాత్రులు జనమే లేరు. షికాగో నుంచి హౌస్ అనే డాన్స్ మ్యూజిక్ వచ్చి, మైక్ పికరింగ్, గ్రేమ్ పార్క్ అనే డీజేలు వాయించడం మొదలెట్టాక బయట పెద్ద పెద్ద క్యూలు. అయినా నష్టమే! లోపలికొచ్చినవాళ్లు ఎక్స్టసీ అనే మత్తు బిళ్ల వేసుకుని ఎగురుతారు, బార్‌లో మంచినీళ్లు తప్ప ఇంకేం అడగరు. లాభం బిళ్లలమ్మేవాళ్లకి, తుపాకుల గొడవలు క్లబ్‌కి. న్యూ ఆర్డర్ పాటలమ్మి సంపాదించింది ఆ గుంతలోనే పోశారు. 1989లో అక్కడ బిళ్ల మింగిన పదహారేళ్ల పిల్ల చనిపోయింది. గ్యాంగుల భయంతో 1991లో కొన్ని నెలలు మూశారు, 1997లో పూర్తిగా మూసేశారు. తర్వాత లోపలి సామాను ముక్కముక్కలుగా వేలం వేశారు. మా ఆఫీసులో యాభై దాటిన ప్రతివాడూ "ఆ రోజుల్లో నేను అక్కడే" అంటాడు. అందరూ చెప్పేది నిజమైతే ఆ హాల్లో సగం ఊరు పట్టి ఉండాలి.

డీజే స్టార్ అవడం వెనక స్పెయిన్‌లోని ఇబిజా దీవి కథ ఒకటుంది. 1987లో పాల్ ఓకెన్‌ఫోల్డ్, డానీ రాంప్లింగ్ లాంటి లండన్ డీజేలు ఆ దీవికి వెళ్లి, అమ్నీషియా క్లబ్‌లో అల్ఫ్రెడో అనే డీజే వాయించేది విని పిచ్చెక్కి తిరిగొచ్చారు. ఇంకో పదేళ్లకి పోస్టర్ మీద డీజే పేరుంటేనే టికెట్ తెగేది. అంతవరకూ మూల చీకట్లో ఉన్న మనిషి స్టేజీ ఎక్కాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆడే జనం అతని వైపు తిరిగిపోయారు. నాకు మింగుడుపడనిది అదే.

ఇక కోట్ల సంగతికొస్తే లాస్ వెగాస్ క్లబ్బులు. అక్కడ వాయించే డీజే కాల్విన్ హారిస్ 2014 సంపాదన 6.6 కోట్ల డాలర్లని ఫోర్బ్స్ పత్రిక లెక్కేసింది. అక్కడ అసలు డబ్బు మందు తాగేవాళ్లు బుక్ చేసుకునే టేబుళ్లలో ఉందిరా. షాపులో దొరికే సీసానే ఎన్నో రెట్లు పోసి కొంటారు, దానికి నిప్పురవ్వలు చిమ్మే బత్తీ తగిలించి ఊరేగింపుగా తెస్తారు. డీజే ఎర, అంతే. 2012లో డెడ్‌మౌస్ అనే డీజే దాచకుండా రాసేశాడు, పెద్ద స్టేజీల మీద అందరం ప్లే నొక్కేవాళ్లమేనని. లైట్లు, వీడియోలు పాటతో కలవాలంటే అంతా ముందే సెట్ చేసుకోవాలి మరి. మధ్యలో ఎవరో ముసలాయన వచ్చి "నాయనా, ఆ పాత పాట వెయ్యి" అంటే నీలా వెంటనే అందుకోవడం వాళ్లకి కుదరదు.

అయినా కుళ్లుకోకు. అవీచీ గుర్తున్నాడా? మన హాస్టల్లో పొద్దస్తమానం వాడి పాటలే. స్వీడన్ డీజే కుర్రాడు, అసలు పేరు టిమ్ బెర్గ్‌లింగ్. ఎక్కడికెళ్లినా మందు ఫ్రీ. దాంతో పాంక్రియాస్ పాడైంది. 2014లో గాల్‌బ్లాడర్, అపెండిక్స్ తీసేశారు. 2016లో షోలు మానేశాడు. 2018 ఏప్రిల్‌లో మస్కట్‌లో పోయాడు, 28 ఏళ్లకే. ఒక్క షో ఆగితే ఎంతమంది కమీషన్ ఆగిపోతుందో చూడు, ఇంక ఆగమని చెప్పేదెవడు?

గోవాలో పెద్ద డీజే షోకి వెళ్తానన్నావుగా, వెళ్లు. ముందు వరస టికెట్‌కి డబ్బులు తగలెయ్యకు. సౌండ్ ఇంజనీర్ మిక్సర్ పెట్టుకునే చోటికి దగ్గర్లో నిలబడు, సౌండ్ అక్కడే సరిగ్గా ఉంటుంది. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ మర్చిపోకు. అన్నట్టు, ఈ పెళ్లిళ్ల సీజన్‌లో సగం అడ్వాన్స్ చేతిలో పడందే బాక్సులు బండెక్కించకు.

నీ
కిరణ్