నీళ్లలో పడితే ముందు చూసుకోవాల్సింది సొరని కాదు

గోపాల్‌పూర్

చిరంజీవి చిన్నబాబుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

సముద్రంలో చమురు తీసే రిగ్గు మీద పనికి హెలికాప్టర్‌లో వెళ్లాలి కదా, అది సముద్రంలో పడితే సొరచేపలు వదులుతాయా అని నువ్వు ఫోన్లో అడిగిన మాట మీ అమ్మ చెవినా పడింది. అప్పట్నుంచి తనకి ముద్ద దిగడం లేదు. నీకూ టెన్షన్‌గానే ఉందని గొంతులో తెలిసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సొర మనకి కొత్త కాదు. మన పేటలో బాలింతకి సొరపుట్టు పెట్టని ఇల్లు లేదు. పడవలోకి లాగాక కూడా దాని దవడ ఆడుతూనే ఉంటుంది, ఆ దరిదాపులకి పిల్లల్ని రానిచ్చేవాళ్లం కాదు. కాబట్టి భయం ఉండాల్సిందే. కానీ మనిషి కదిలించకుండా సొర తనంతట తాను కరిచిన సంఘటనలు ప్రపంచమంతా కలిపినా ఏడాదికి 60, 70 దాకా ఉంటాయి. అందులో ప్రాణాలు పోయేది సగటున ఆరుగురికి.

నీ స్నేహితుడు చెప్పిన ఇండియానాపొలిస్ కథ నిజమే. 1945 జూలై 30న ఆ అమెరికా యుద్ధనౌక టార్పెడో దెబ్బకి మునిగింది. దాదాపు 1,200 మందిలో 316 మందే బతికారు. సొరలు కొందర్ని లాక్కెళ్లాయి. అయితే ఓడ రాలేదని ఎవరూ పట్టించుకోక, వాళ్లు నాలుగు రోజులు నీళ్లలోనే ఉండిపోయారు. గాయాలతో, ఎండకి, దాహానికి తాళలేక ఉప్పునీళ్లు తాగి పోయినవాళ్లు చాలామంది. నువ్వెళ్లే చోట హెలికాప్టర్ కాస్త ఆలస్యమైతే చాలు, రేడియోలో పిలిచి వెతుకులాట మొదలుపెడతారు.

2022 జూన్ 28న ముంబై హై అనే సముద్రపు చమురు క్షేత్రంలో రిగ్గు దగ్గరే హెలికాప్టర్ నీళ్లలో పడింది. తొమ్మిది మందిలో నలుగురు పోయారు. వాళ్ల ప్రాణం తీసింది సొర కాదురా. నువ్వు భయపడాల్సింది పడిన హెలికాప్టర్‌లో ఇరుక్కుపోవడానికి.

విశాఖలోని నేవీ విమాన స్థావరం డేగాలో చేతక్ హెలికాప్టర్‌ల దగ్గర ఇన్నేళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను. హెలికాప్టర్‌కి ఇంజిన్, గేర్‌బాక్స్ బరువంతా నెత్తిమీదే. నీళ్లలో పడితే చాలాసార్లు తలకిందులైపోతుంది. చీకటి, ముక్కులోకి నీళ్లు, పైనేదో కిందేదో తెలియదు. అందుకే పనికి ముందు ట్రైనింగ్‌లో, హెలికాప్టర్ లాంటి బోల్తా కొట్టే తొట్టిలో కూర్చోబెట్టి నీళ్లలో ముంచుతారు. అందులో ఒక చెయ్యి కిటికీ అంచు మీద, ఒక చెయ్యి బెల్టు బకిల్ మీద ఉండాలి. కదలిక పూర్తిగా ఆగేదాకా బెల్టు తియ్యకు. బెల్టు ముందే తీస్తే నీళ్లు నిన్ను ఎటు తోస్తాయో నీకే తెలియదు, పట్టుకున్న కిటికీ పోతుంది. లైఫ్ జాకెట్ లోపల ఉండగా ఊదకు, అది నిన్ను లేపి నేలకేసో కప్పుకేసో నొక్కేస్తుంది, తలుపు దాకా దిగలేవు. భయమేస్తే ఇంకోసారి ముంచమని నువ్వే అడుగు. సిగ్గుపడొద్దు.

బయటికొచ్చాక అందరూ ఒకరినొకరు పట్టుకుని గుంపుగా ఉండండి. కాళ్లూ చేతులూ ఊరికే కొట్టుకోకండి. దెబ్బ తగిలిన చేపలా తన్నుకుంటుంటే ఆ అలజడి సొరకి దూరం నుంచే తెలుస్తుంది. బట్టలు, బూట్లు విప్పొద్దు. రక్తం కారుతుంటే గట్టిగా కట్టుకోండి. తెప్ప ఉంటే ముందు అందులోకి ఎక్కేయండి.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. మిమ్మల్ని కాపాడ్డానికి వచ్చిన హెలికాప్టర్ నుంచి హుక్కు దిగుతుంటే ఆత్రంగా అందుకోకు. రెక్కలు తిరిగి తిరిగి హెలికాప్టర్‌కి కరెంటు పడుతుంది. హుక్కు నీళ్లని తాకనివ్వు, ఆ తర్వాత పట్టుకో. ముందే పట్టుకుంటే షాక్ కొట్టి చెయ్యి జారుతుంది.

అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. సొర సంగతి వదిలేసి, ఇప్పుడు బెల్టు గురించి అడుగుతోంది. ట్రైనింగ్ అయిన రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాం.

ఇట్లు,
నాన్న