మూడు నొక్కమంటే ఏడు అని వినిపిస్తోంది

గుంటూరు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా డయాలసిస్ సెంటర్ ఐవీఆర్‌లో (ఫోన్ చేసినవాళ్ళకి ఏ అంకె నొక్కాలో చెప్పే మెనూలో) రికార్డు చేసిన మాటలు సరిగ్గా వినిపించకపోవడం గురించి.

అయ్యా,

మీ ఇంటర్నెట్ ఫోన్ సర్వీసు తీసుకుని ఎనిమిది నెలలైంది. రికార్డింగ్ బాగాలేదని ఇప్పటికి నాలుగుసార్లు కంప్లయింట్ ఇచ్చాను. నాలుగుసార్లూ ఒకటే జవాబు: "మీ రికార్డింగ్ క్వాలిటీ తక్కువగా ఉంది, మళ్ళీ రికార్డు చేసి పంపండి." పంపాం. ఫైళ్ళు మార్చినందుకు రెండుసార్లు ఛార్జీ కూడా కట్టాం. ఏ మార్పూ లేదు. పోయిన వారం జరిగింది చూశాక ఇక ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన వారానికి మూడుసార్లు మా దగ్గరికి వస్తారు. తోడుగా ఆయన భార్య. ఆయనది ఉదయం షిఫ్టు. ఆ రోజు బస్సు దారిలో ఆగిపోయింది. ఆలస్యమవుతుందని చెబుదామని ఆవిడ ఫోన్ చేశారు. డయాలసిస్ టైమ్ గురించి మాట్లాడాలంటే మూడు నొక్కమని మా మెనూ చెబుతుంది. ఆవిడకి ఏడు అని వినిపించింది. ఏడు నొక్కితే బిల్లుల కౌంటరుకి పోతుంది, అది పదింటికి గానీ తెరవరు. మళ్ళీ మళ్ళీ చేసి, ఎవరూ ఎత్తకపోయేసరికి మానేశారు. వాళ్ళు వచ్చేసరికి ఆ మెషీన్ మీద ఇంకో పేషెంటుకి మొదలుపెట్టేశాం. నాలుగు గంటల పని, మధ్యలో ఆపలేం. వాచిన కాళ్ళతో, ఆయాసపడుతూ ఆయన సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చున్నారు. "ఆ అమ్మాయి ఏడే చెప్పింది బాబూ" అని ఆవిడ నాతో అంటుంటే నాకు నోట మాట రాలేదు.

ఆ అమ్మాయి మా రిసెప్షనిస్టు. గొంతు చక్కగా ఉంటుంది, ప్రతి మాటా విడివిడిగా పలుకుతుంది. గొంతు మోగకుండా ఉండాలని దుప్పట్లు పేర్చిపెట్టే గదిలో, ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతున్నా ఓపిగ్గా రికార్డు చేసింది. ఆ ఫైలు కంప్యూటర్‌లో పెడితే ఆమె ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. మీ నంబరుకి ఫోన్ చేసి అదే వింటే రేకుడబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. స, శ వచ్చినచోటల్లా చిర్రుమంటుంది. మాట చివర గరగర. మళ్ళీ రికార్డు చేయాలని చెప్పిన ప్రతిసారీ తన పలుకులోనే ఏదో తప్పుందని ఆ పిల్ల బాధపడింది. ఆ మాట మీకు తెలియాలి.

నేను టెలిఫోన్ శాఖలో 27 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఫోన్ లైన్ మీద సినిమా హాలు సౌండు రాదని నాకు తెలుసు. మామూలు లైన్ మీద 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పోతుంది, సెకనుకు 8000 శాంపిళ్ళు, అంటే శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలుస్తారు. అలా ఫోన్ గొంతుని అంకెలుగా మార్చే జీ.711 ప్రమాణం 1972 నాటిది. ఆ హద్దుల్లోనే మనుషులు దశాబ్దాలుగా మాట్లాడుకున్నారు, అంకెలు చెప్పుకున్నారు. ట్రంకు కాల్ రోజుల్లో గాలివానలో కూడా ఆపరేటరు నంబరు తిరిగి చదివితే మనకు అర్థమయ్యేది.

మీ దగ్గర ఏం జరుగుతోందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మీ పోర్టల్ ఎంపీ3 తప్ప వేరే ఫైలు తీసుకోదు. అక్కడే కొంత పోతుంది. దాన్ని 8000 శాంపిళ్ళకి దించే ముందు 4000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా ఫిల్టర్ చేసి తీసేయాలి. తీయకపోతే ఆ పైశబ్దం కిందికి మడతపడి మాటలో కలుస్తుంది. స దగ్గర వచ్చే చిర్రు అదేనని నా నమ్మకం. మా లైన్ జీ.729 అనే కోడెక్‌లో, అంటే గొంతుని కుదించి పంపే పద్ధతిలో, నడుస్తోందని మీ ఇంజినీరే ఫోన్‌లో చెప్పారు. అంటే సెకనుకు 64 కిలోబిట్లలో పోవాల్సిన గొంతుని 8 కిలోబిట్లకి కుదిస్తున్నారు. ఆపైన పేషెంటు మొబైల్ నెట్‌వర్క్ తన పద్ధతిలో ఇంకోసారి కుదిస్తుంది. జెరాక్స్‌కి జెరాక్స్ తీసి, దానికి మళ్ళీ జెరాక్స్ తీసినట్టు. మనిషి గొంతు కోసం చేసిన ఆ కోడెక్ మీద మీరు పెట్టిన వీణ పాట ఎలా మూలుగుతోందో ఒక్కసారి మీరే హోల్డ్‌లో ఉండి వినండి.

దీనికి తోడు, అంకెల ఫైళ్ళని మీవాళ్ళు మొదట్లో మరీ దగ్గరగా కత్తిరించారు. మూడులో మ సగం తెగిపోయి "ఊడు" మిగిలింది. వయసు మీద పడి పైస్థాయి శబ్దాలు తగ్గిన చెవికి ఊడుకీ ఏడుకీ పెద్ద తేడా ఉండదు. మా పేషెంట్లలో సగం మంది అరవై దాటినవాళ్ళే.

నేను అడిగేది కష్టమైన పనేం కాదు. మా అసలు వేవ్ ఫైళ్ళు (కుదించని రికార్డింగులు) ఈ లేఖతో పంపుతున్నాను. వాటి నుంచే నేరుగా, సరైన ఫిల్టర్‌తో, శబ్దం ఎక్కువై గొంతు పగలకుండా ఏ-లా (జీ.711లో మన దేశంలో వాడే రకం) ఫైళ్ళు ఒక సెట్టు తయారుచేయండి. ఆఫీసులోని ఐపీ (ఇంటర్నెట్) ఫోన్ల కోసం, పైశబ్దాలు కూడా పోయే జీ.722లో ఇంకో సెట్టు పెట్టండి. లైన్‌ని జీ.711కి మార్చండి. మా ఇంటర్నెట్‌కి ఆ భారం ఒక లెక్క కాదు. కాల్ ఎత్తగానే మాట మొదలుపెట్టకుండా ఒక్క సెకను ఆగేలా చేయండి. ఇప్పుడు "నమస్కారం"లో న ఎవరికీ వినిపించడం లేదు. హోల్డ్ పాట తీసేసినా మాకు అభ్యంతరం లేదు.

మార్చాక కంప్యూటర్‌లో విని సరిపోయిందని టికెట్ మూసేయకండి. మామూలు మొబైల్ నుంచి, బస్టాండు లాంటి చోట నిలబడి ఫోన్ చేసి వినండి. మా పేషెంట్లు ఫోన్ చేసేది అక్కడి నుంచే.

రీ-రికార్డింగ్ పేరుతో తీసుకున్న రెండు ఛార్జీలు వెనక్కి ఇవ్వండి. పది రోజుల్లో పని పూర్తికాకపోతే నంబరు వేరే కంపెనీకి మార్చుకుంటాం. అప్పటిదాకా ఉదయం షిఫ్టు వాళ్ళందరికీ నా సొంత మొబైల్ నంబరు ఇచ్చాను. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి నేనే ఎత్తుతున్నాను.

ఇట్లు,
ఆఫీసు ఇన్‌చార్జి,
డయాలసిస్ సెంటర్, గుంటూరు

జత: అసలు వేవ్ ఫైళ్ళు, మీ నంబరుకి ఫోన్ చేసి రికార్డు చేసిన మూడు కాల్స్